కథ చెప్పినాయన బొంద

అమ్మ దినాల నాడు కథోళ్ళు పొద్దు గూకకముందే దిగారు. ఆటోలోంచి ముందు రెండు డోళ్ళు దిగాయి, వెనక తాళాలు, నపీర, ఒక రేకుపెట్టె. అన్నిటికంటే చివర ఒక ముసలాయన దిగాడు. తలకు రుమాలు, నొసట పసుపు, భుజాన తెల్ల తువ్వాల. ఇంటి ముందు టెంటు కింద గాడిపొయ్యిల పొగ కమ్ముకొని ఉంది. ఆయన చెంబెడు నీళ్ళు తాగి అరుగు మీద కూర్చొని నన్ను దగ్గరికి పిలిచాడు.

“సారూ, మీ అమ్మ చేతికి ఏముండేది?”

గాజుల సంగతి అడుగుతున్నాడనుకున్నాను. రెండు జతల మట్టిగాజులు, ఒక వెండి కడియం అని చెప్పబోయాను.

“సొమ్ములు గాదు సారూ. పొద్దుందాక చేతుల ఏం పట్టుకొని తిరిగేది, అది చెప్పు.”

కొంచెంసేపు ఆలోచించాల్సి వచ్చింది. నలభై ఏళ్ళు ఆమె కొడుకుగా ఉండి, ఆ మాటకు జవాబు నా దగ్గర సిద్ధంగా లేనందుకు సిగ్గేసింది. చివరికి చల్లముంత అని చెప్పాను. ఎండ ఎంత కొట్టినా సరే, పన్నెండయ్యేసరికి చల్లముంత పట్టుకొని నాయన కోసం పొలం కాడికి పోయేది. ఆయన తల ఊపి, ఇంకేమీ అడగకుండా లేచాడు. సాయంత్రం దాకా వాకిట్లో తిరుగుతూ ఒక్కొక్కరితో రెండు ముక్కలు మాట్లాడటం చూశాను. మా చిన్నమ్మతో, ఇంటెనక బోళ్ళు తోముతున్న ఆమెతో, అమ్మతో కలిసి నాట్లకు పోయిన ముసలమ్మతో.

రాత్రి మల్లన్న కథ ఎత్తుకున్నారు. ఒగ్గు కథ చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. చూడనివాళ్ళకు మాత్రం, అది కూర్చొని వినే కథ కాదని చెప్పాలి. ఒగ్గు అంటే శివుడి చేతి డమరుకం. ఆ పేరు పెట్టుకున్న కురుమ, గొల్ల పూజారులు మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ చెప్తారు, పాడతారు, ఆడతారు. ఒక్కడే క్షణంలో రాజు, మరుక్షణంలో రాణి. తెర లేదు, మేకప్పు లేదు. భుజాన ఉన్న తువ్వాలే అన్నీ. నడుముకు చుడితే చీరకొంగు, చుట్టి చంకనెత్తుకుంటే పసిబిడ్డ, మెలిపెట్టి పైకెత్తితే కత్తి. వంత పాడేవాడు మధ్యలో ఆపి అడ్డదిడ్డం ప్రశ్నలు వేస్తాడు, జనం నవ్వుతారు, ఆ నవ్వు తగ్గకముందే డోలు దరువు మారుతుంది.

నడిరాత్రి దాటింది. కథలో గొల్ల కేతమ్మ వచ్చింది. ముసలాయన తువ్వాలను చుట్టకుదురులా తల మీద పెట్టుకొని, దాని మీద లేని ముంతను చేత్తో పట్టుకొని నడవడం మొదలుపెట్టాడు. నాలుగడుగులు వేసేసరికి టెంటు కింద ఎవరో వెక్కారు. నాకు వెంటనే తెలియలేదు. తర్వాత ఆయన కుడికాలు చూశాను. ఆ కాలు ఒకింత ఈడుస్తూ, ప్రతి రెండో అడుగుకు కొద్దిగా ఆగుతూ నడుస్తున్నాడు. అది మా అమ్మ నడక. నేను ఆయనకు చెప్పనిది. అప్పటికి నేను మర్చిపోయినది కూడా. మా చిన్నమ్మ లేచి “అక్కా” అని కేకపెట్టింది. పదకొండు రోజులుగా ఒక్క చుక్క కన్నీరు రాలని మా నాయన గోడకు ముఖం పెట్టి ఏడ్చాడు.

మా దిక్కున దినాలకు కథ పెట్టించడం కొత్త కాదు. కొన్నిళ్ళలో ఒగ్గు కథ, కొన్నిళ్ళలో శారద కథ. చనిపోయిన మనిషిని పురాణంలోకి తీసుకుపోయి, దేవుళ్ళ మధ్య ఒక పూట నిలబెట్టి, మళ్ళీ మనకు చూపించి పంపించేస్తారు. వినోదమంటే వినోదమే, పిల్లలు కడుపుబ్బ నవ్వుతారు కూడా. కానీ ఆ రాత్రి మాత్రం ఇల్లు ఏడవాల్సిన ఏడుపు ఏడుస్తుంది.

తెల్లవారుజామున నేను డబ్బులు చేతిలో పెట్టాను. ఆయన లెక్కపెట్టలేదు. “రెండు గారెలుంటె ఇయ్యి సారూ, మనుమరాలికి” అన్నాడు. కాగితంలో చుట్టి ఇస్తే, తువ్వాల కొంగున ముడి వేసుకున్నాడు. ఇంతసేపు చీర, బిడ్డ, కత్తి, చుట్టకుదురు అయిన తువ్వాల అప్పుడు మూట అయింది. ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. అది 2011.

*

నేను మానుకోటలో పంతులును. మహబూబాబాద్ అని బోర్డుల మీద రాస్తారు గానీ బస్సులో టిక్కెట్టు మానుకోటకే అడుగుతాం. ఒక ఏడు పిల్లలను గోలకొండ తీసుకుపోయాను. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర, రాజుల గుమ్మటాల నడుమ, తారామతి, ప్రేమామతిలవని చెప్పే రెండు చిన్న సమాధులున్నాయి. అబ్దుల్లా కుతుబ్ షా కొలువులో ఆడిపాడినవాళ్ళు. రాజుల గోరీలున్న చోటే ఆటకత్తెలకు కూడా చోటు దొరికిందని చెప్తుంటే పిల్లలు ఆశ్చర్యంగా విన్నారు. మౌలాలీ గుట్ట కింద మహలఖా బాయి చందా సమాధి సంగతి కూడా చెప్పాను. 1768లో పుట్టి 1824లో పోయిన ఆమె కవయిత్రి, గాయని, నాట్యకత్తె. నిజాం కొలువులో పెద్దల సరసన కూర్చున్న మనిషి. ఉర్దూలో సొంత కవితల దీవాన్ కూర్చుకున్న తొలి మహిళగా ఆమె పేరు చెప్తారు. తల్లి రాజ్‌కున్వర్ బాయి కోసం కట్టించిన తోటలోనే, తల్లి పక్కనే పడుకొని ఉంది.

తండా నుంచి వచ్చే ఒక పిల్లవాడు అడిగాడు: “సార్, మన దిక్కు ఆడినోళ్ళ, పాడినోళ్ళ సమాధులు ఏడున్నయ్?”

ఆ పిల్లవాడికి అప్పుడు ఏమీ చెప్పలేకపోయాను. తిరుగుప్రయాణంలో బస్సులో అందరూ నిద్రపోయారు, నేను పోలేదు.

ఆ తర్వాత ఎక్కడికి పోయినా ఆ ప్రశ్న నాతో వచ్చింది. మా మూడు జిల్లాలు 2016 దాకా చాలావరకు ఒకే వరంగల్ జిల్లా. జనగామ నేను పుట్టిన చోటు, మానుకోట నా కొలువు, భూపాలపల్లి మా చెల్లెలి అత్తగారిల్లు. మా బావ అక్కడ సింగరేణి గనిలో పని చేస్తాడు. పండగకో పబ్బానికో ఈ మూడింటి మధ్య తిరుగుతూనే ఉంటాను. తిరుగుతూ, పోయిన కళాకారుల జాడ కోసం కళ్ళు వెతకడం అలవాటైంది.

జనగామ దిక్కున రాళ్ళకు కొదవ లేదు. దేవరుప్పుల మండలం కడవెండిలో దొడ్డి కొమరయ్య స్తూపం ఉంది. 1946 జూలై 4న దొర గూండాల తుపాకీకి ఒరిగిన గొర్లకాపరి కొడుకు. ఆ చావే తెలంగాణ పోరాటానికి నిప్పంటించింది. ఆ స్తూపం ముందు నిలబడితే నాకు ఇప్పటికీ వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. అదే మండలంలో అప్పిరెడ్డిపల్లి ఉంది. చిందు యక్షగానంతో 2024లో పద్మశ్రీ అందుకున్న గడ్డం సమ్మయ్య గారి ఊరు. ఆయన చల్లగా ఉండాలి. ఆ వార్త పేపర్లో చూసిన రోజు నేను బడిలో పిల్లలకు మిఠాయి పంచాను. కానీ ఆయన కంటే ముందు ఆ గజ్జెలు కట్టినవాళ్ళు, ఆయన తండ్రులు తాతల తరం వాళ్ళు ఎక్కడున్నారు?

చిందు వాళ్ళ బతుకు తెలిసినవాళ్ళకు ఆ ప్రశ్న ముల్లులా గుచ్చుకుంటుంది. వేషాల పెట్టె మోసుకొని, ఊరూరా మాదిగవాడలో ఆడి, ఏటా తమ హక్కు గ్రామాలు తిరిగివచ్చే కులం. ఎల్లమ్మ వేషం కట్టిన రాత్రి ఊరంతా మొక్కుతుంది, పెద్ద పెద్ద వాళ్ళు కూడా కాళ్ళ మీద పడతారు. తెల్లారి రంగు కడుక్కున్నాక ఆ మనిషికి ఊరి నడుమ చోటు లేదు. చచ్చాక కూడా లేదు. బొందలగడ్డ కులానికొకటి. ఎవరి బొందలగడ్డ చెరువుకట్టకు ఎంత దూరమో, ఎవరిది వాగు ఒడ్డున కోసుకుపోయే నేలలో ఉందో చూస్తే ఊరి సంగతి సగం తెలిసిపోతుంది.

ఇది ఒక్క మన పాపమే కాదు. ఫ్రాన్స్‌లో మొలియేర్ అంతటి నాటకకర్త, నటుడు 1673లో పోతే, వేషాలు వేసేవాడని చర్చి నేలలో పూడ్చనివ్వలేదు. భార్య పోయి రాజును బతిమాలుకుంటే, రాత్రిపూట, చడీచప్పుడు లేకుండా పూడ్చడానికి ఒప్పుకున్నారు. 1817లో ఆయనవని చెప్పే ఎముకలను పారిస్‌లోని పేర్ లషేజ్ శ్మశానానికి తెచ్చి గొప్ప సమాధి కట్టారు. ఇప్పుడు ఆ శ్మశానానికి లోకమంతా పూలు పట్టుకొని పోతుంది. నవ్వించినవాడికి నేల ఇవ్వడానికి ఒక దేశానికి నూటనలభై ఏళ్ళకు పైగా పట్టిందని చదివినప్పుడు, మా చిందోళ్ళ బొందలు కళ్ళ ముందు మెదిలాయి.

మన దగ్గరా కొంత మారింది, కాదనను. 2023 ఆగస్టులో గద్దర్ పోయినప్పుడు అల్వాల్‌లో ఆయన పెట్టిన బడి ఆవరణలోనే పూడ్చారు. పిల్లలు ఆడుకునే చోట పాటగాడి సమాధి. అది నాకు చాలా నచ్చింది.

మా జనగామలోనే లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురం ఉంది. ఒగ్గు కథ అనగానే తెలంగాణకంతా గుర్తొచ్చే పేరు చుక్క సత్తయ్యది. సంగీత నాటక అకాడమీ పురస్కారం దాకా వెళ్ళిన ఒగ్గు. 2017 నవంబరులో, ఎనభై రెండేళ్ళకు పోయారు. చిన్నప్పుడు ఒకసారి ఆయన కథ విన్నాను. నాకు గుర్తున్నది కథ కాదు, ఆయన మౌనం. డోలు ఒక్కసారిగా ఆగిపోయి, ఆయన జనం వైపు చూస్తూ ఏమీ అనకుండా నిలబడిన ఆ నాలుగు క్షణాలు. వేలమంది ఊపిరి బిగబట్టడం అంటే ఏమిటో అప్పుడే తెలిసింది. మాణిక్యాపురం దారిలో ఎప్పుడు పోయినా మా బస్సు ఆ ఊరి పేరు రాసిన బోర్డు దాటే దాకా నేను మాట్లాడను. నాకు చేతనైన మొక్కు అదొక్కటే.

అక్కణ్ణుంచి కొంచెం దూరంలో పాలకుర్తి, బమ్మెర. బమ్మెరలో పొలాల మధ్య పోతన సమాధి అని చూపిస్తారు. పోతనను ఆటగాళ్ళలో లెక్కపెట్టడం తగునా అని ఎవరైనా అడగొచ్చు. నేను మాత్రం లెక్కపెడతాను. మా ఊళ్ళలో రాత్రి ఆడే ఆటను ఏమంటాం? భాగోతం అంటాం. చిందు భాగోతం. ఆయన రాసిన భాగవతం పేరే మట్టిలో నలిగి, నోళ్ళలో నాని, మాదిగవాడ దాకా వచ్చి ఆట పేరు అయింది. పాలకుర్తి సోమనాథుడి పండితారాధ్య చరిత్ర తీస్తే, ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట శ్రీశైలం దారిలో ఆడినవాళ్ళు, పాడినవాళ్ళు, బొమ్మలాటలవాళ్ళు, దొమ్మరులు బారులు తీరి కనిపిస్తారు. ఒక్కరి పేరూ లేదు. కానీ ఎలా ఆడారో ఉంది. ఒక పెద్ద కవి పనిగట్టుకొని రాయకపోతే అదీ ఉండేది కాదు.

మానుకోట దిక్కు వేరే లోకం. అడవి మొదలవుతుంది. గంగారం మండలం పూనుగొండ్లలో పగిడిద్దరాజు గుడి ఉంది. మేడారం జాతరకు రెండేళ్ళకోసారి పెనక వంశం వాళ్ళు ఆయన్ని అక్కడినుంచి కాలినడకన తీసుకుపోతారు. ఒకసారి ఆ నడకలో కొంతదూరం నేనూ నడిచాను. ఆలోచిస్తే, ఆ మేడారం దేవుళ్ళలో ఎవరికీ సమాధి లేదు. సమ్మక్క చిలకలగుట్ట మీదికి వెళ్ళి మాయమైంది, దొరికింది కుంకుమభరిణె. జంపన్న వాగులో పడ్డాడు, వాగుకే ఆయన పేరు. మరి వాళ్ళు ఎవరో, ఎవరికి ఎవరు ఏమవుతారో ఇన్నాళ్ళు ఎలా నిలిచింది? డోలి కోయలు నిలిపారు. పడిగె అనే బొమ్మల గుడ్డ విప్పి, డోలు కొడుతూ, ఒక్కో బొమ్మ చూపిస్తూ ఇలవేల్పుల కథ చెప్పేవాళ్ళు. మణుగూరు దిక్కు కూనవరంలో ఉండిన సకిని రామచంద్రయ్య గారు కోయ మాటలోనూ తెలుగులోనూ ఆ కథలన్నీ చెప్పేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024 జూన్‌లో పోయారు. అలాంటి మనిషి పోయిన రోజున ఎన్ని వంశాల కథలు ఆయన గొంతులోనే ఉండిపోయాయో అని నాకు గుండె దడదడలాడింది. ఆయనకు సమాధి కడితే మంచిదే. కానీ ఆయన దగ్గర కూర్చొని నేర్చుకున్న ఒక్క కుర్రవాడున్నా, ముందు ఆ కుర్రవాడికి నెల నెలా బియ్యం అందేలా చూడాలని నేను అంటాను.

ఇక భూపాలపల్లి. చెల్లెలింటికి పోయినప్పుడల్లా గణపురం కోటగుళ్ళకు పోతాను. కాకతి గణపతిదేవుడి కాలం నాటి ఇరవైరెండు గుళ్ళ సముదాయం అది, చుట్టూ రాతిగోడ. చూరు కింద మదనికలు నడుము వంచి, కాలు మెలిపెట్టి నిలబడి ఉన్నారు. కొన్ని విరిగాయి, కొన్నిటికి ముఖం లేదు. మదనికలంటే కల్పన అంటారు. నేను నమ్మను. ఆ మోకాలి వంపు, ఆ బరువంతా ఎడమ మడమ మీద వేసి నిలబడటం, అది శిల్పి ఎవరినో చూసి చెక్కిందే. గుడిలో ఆడిన ఏ పిల్లదో ఆ వంపు. గణపతిదేవుడి బావమరిది జాయప నృత్తరత్నావళి రాశాడు, ఆట గురించి శాస్త్రం మిగిలింది. ఆడిన పిల్ల పేరు మిగల్లేదు, మోకాలు మిగిలింది. నేను ఆ బొమ్మ కింద నిలబడినప్పుడు మా అమ్మ కుడికాలు గుర్తుకొచ్చింది. ముసలాయన ఒక్క రాత్రిలో గాలిలో చెక్కి చెరిపేసింది కూడా అలాంటిదే కదా అనిపించింది.

అమ్మ బూడిద కలిపింది కూడా ఈ జిల్లాలోనే, కాళేశ్వరంలో. గోదావరిలో ప్రాణహిత కలిసే చోటు. లోపల మూడోది సరస్వతి ఉందంటారు. గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి యముడిది, ఒకటి శివుడిది. చావు, చావు నుంచి విడుదల, ఒకే అభిషేకం నీళ్ళు పంచుకుంటాయి. చేర్యాల పటం కథలవాళ్ళలో పాతబడి చిరిగిన పటాన్ని పారేయకుండా, మనిషికి చేసినట్టే చేసి ఏటిలో కలిపే ఆచారం ఉందని విన్నాను. గుడ్డ మీద బొమ్మకు కూడా చావు మర్యాద చేసే కులాలు ఉన్న నేల ఇది. పటం పోతుంది, కొత్త పటం గీయిస్తారు, కథ ఆగదు. కొమురవెల్లిలో శివరాత్రి నాడు పెద్దపట్నం చూసినవాళ్ళకు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. పసుపు, కుంకుమ, ఆకుపొడి, పిండి పోసి ఒగ్గు పూజారులు అంత పెద్ద ముగ్గు, పట్నం, వేస్తారు. వేసిన చేతులతోనే డోలు అందుకుంటారు, ఆ పట్నం మీదికే దూకి తొక్కుతారు. తెల్లారేసరికి గీత కనపడదు. భక్తులు ఆ పొడిని నొసట పెట్టుకొని కాగితాల్లో కట్టుకుపోతారు.

*

పోయిన మాఘంలో మా ఊరినుంచి ఫోన్ వచ్చింది. కథ చెప్పినాయన పోయాడని. నాకు పరీక్షల డ్యూటీ. మట్టికి పోలేకపోయాను. దినాలకు ఒక రోజు ముందు చేరుకున్నాను. ఆయన దగ్గర నేర్చుకున్న కుర్రవాడు, కుర్రవాడంటే నలభై ఏళ్ళుంటాయి, నన్ను బండి మీద బొందలగడ్డకు తీసుకుపోయాడు.

ఊరి చివర కొత్తగా కట్టిన వైకుంఠధామం ఉంది. గోడలకు రంగు, సిమెంటు గద్దె, నీళ్ళ ట్యాంకు. దాన్ని దాటి పోయాం. తుమ్మచెట్ల నడుమ వాళ్ళ కులపోళ్ళ బొందలు. కొన్నిటి మీద సిమెంటు దిమ్మెలు, ఒకటి రెండిటి మీద పాలరాతి పలకలు, ఎక్కువవి నేలలో కలిసి గుర్తుపట్టరానివి. ఆయనది ఇంకా ఎత్తుగా ఉంది. ఎర్రమట్టి. కుక్కలు తవ్వకుండా పైన రేగుకంప కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టారు. బంతిపూలు ఎండిపోయాయి. తలవైపు పగిలిన కుండ పెంకులు, ఒక ఇత్తడి చెంబు ఆనవాలు పడిన గుంట. రేగుకంపకు ఒక పసుపు దారం చిక్కుకొని గాలికి ఆడుతోంది. చీమలు బారులుగా మట్టి మోస్తున్నాయి.

కుర్రవాడు కంపను సర్ది, కాసేపు గొంతుక్కూర్చున్నాడు.

“రాయి పెట్టిద్దామంటున్నరు సార్. డోలు బొమ్మ చెక్కించి, పేరు రాయిద్దామని.”

“పెట్టించండి. నా వంతు నేను ఇస్తాను.”

“ఇస్తరు సార్, అందరు ఇస్తరు. గని రేపటి కథ నేనే చెప్పాలె.” ఆగాడు. “వెయ్యిండ్లల్ల చెప్పిన గని, ఇది ఎట్ల ఎత్తుకోవాలెనో తెలుస్తలేదు. ఊరందరికి తెలిసిన మనిషి. కొత్తది ఏముంటది సార్ నేను చెప్పేది?”

నేను ఏమీ అనలేదు. తిరిగొస్తుంటే బండి మీద వెనక్కి తిరిగి అడిగాడు: “మీ ఇంట్ల కథ చెప్పినప్పుడు తాత చేతికి ఏముండె సార్?”

అదే ప్రశ్న. గురువు నేర్పిన ప్రశ్న. డోలు అనో, తాళాలనో అంటే ఏం లాభం, అది అందరికీ తెలుసు. నేను గారెల సంగతి చెప్పాను. డబ్బులు లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడనీ, రెండు గారెలు అడిగి తువ్వాల కొంగున ముడేసుకున్నాడనీ. వాడు బండి ఆపి, రోడ్డు పక్కన నిలబడి, ఎటు వైపు కొంగు అని అడిగాడు. ఎడమ వైపు. ముడి ఒకటా, రెండా? రెండు. ఒకటి వేసి, ఊడుతుందేమోనని మళ్ళీ వేశాడు. ఇన్నేళ్ళకు అది నాకు అంత స్పష్టంగా గుర్తుందని నాకే తెలియదు.

మర్నాడు రాత్రి జనం విరగబడ్డారు. చుట్టుపక్కల ఊళ్ళ ఒగ్గు మేళాలన్నీ వచ్చాయి, డోళ్ళే ఇరవైదాకా లేచాయి. కుర్రవాడు బీరప్ప కథ ఎత్తుకున్నాడు. మొదట గొంతు తడబడింది, తర్వాత దారిలో పడింది. నవ్వించాడు కూడా, ఆ ముసలాయన నవ్వించినట్టే. తెల్లవారుజామున, కథ మంగళం పాడే ముందు, డోళ్ళన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. వాడు భుజం మీది తువ్వాల తీశాడు. ఏమీ మాట్లాడకుండా, ఎదురుగా ఎవరినుంచో ఏదో అందుకున్నట్టు రెండు చేతులూ చాచాడు. ఎడమ కొంగు పరిచాడు. ఒక ముడి వేశాడు. లాగి చూశాడు. రెండో ముడి వేశాడు. భుజాన వేసుకొని, అలసిపోయిన ముసలి నడకతో, ఇంటికి పోతున్నట్టు జనంలోకి నడిచాడు.

ఆడవాళ్ళ వరసలో వెనకాల కూర్చున్న ఒక పిల్ల లేచి నిలబడింది. డిగ్రీ చదువుతున్నట్టుంది, మెడలో కాలేజీ ఐడీ కార్డు తాడు ఇంకా ఉంది. అడ్డం కూర్చున్నవాళ్ళను దాటుకుంటూ ముందుకు వచ్చి, వాడి ఎదురుగా నిలబడి, ఆ కొంగు అందుకొని ముడి విప్పడం మొదలుపెట్టింది.